విసుగు తీర్పగునా?

కోపమునకు లోకములో నొక గౌరవము కలదు. కోపించినవానికి ఏదో యన్యాయము జరిగియుండునని పదిమందియు తలతురు. దుఃఖమునకు సానుభూతి కలదు. విసుగునకు మాత్రము ఈ రెండును లేవు. అయినను మన యిండ్లలో గొప్ప నిర్ణయములను పెక్కింటిని చేయునది విసుగే. అన్నదమ్ముల భాగపంపకములు రెండేండ్లు సాగిన పిమ్మట, "ఏదో యొకటి కానిండు, చెరువు క్రింది పొలము వానికే పోనిండు, ఈ గొడవ వదలిన చాలును" అని యొకడు లేచిపోవును. పెండ్లిమాటలు మూడు మాసములు నడచిన పిమ్మట పిల్లతల్లియు నా మాటయే యనును. ఏండ్ల తరబడి వ్యాజ్యము నడపినవాడు రాజీపత్రమును చదువకయే సంతకము చేయును. ఆ సంతకము చెల్లునా యన్నచో, చెల్లును. అది యతని సమ్మతియేనా యన్న ప్రశ్నకు ఏ న్యాయస్థానమును బదులు చెప్పదు. ఆ ప్రశ్ననే యిచ్చట విచారింప దలచితిని. దృష్టాంతముగా ఒక యింటి తగవును గాక యొక దేశపు తగవును తీసికొనుచున్నాను. ఏలన, అచ్చట లెక్కలన్నియు బహిరంగముగా నున్నవి.

బ్రిటను యూరోపియను యూనియనును విడిచిన కథను పాఠకులు వార్తాపత్రికలలో చదివియే యుందురు. దానికి బ్రెగ్జిటని పేరు. 2016వ సంవత్సరము జూన్ 23వ తేదీన ప్రభుత్వము అచ్చటి ప్రజలను ఒకే ప్రశ్న యడిగెను: యూనియనులో నుందుమా, విడిచిపోవుదుమా? వోటుహక్కు గలవారిలో నూటికి 72 మంది వచ్చి తమ మాట చెప్పిరి. విడిచిపోవుద మన్నవారు 1 కోటి 74 లక్షలు, ఉంద మన్నవారు 1 కోటి 61 లక్షలు, నూటికి 51.9 ఒకవైపు, 48.1 మరియొకవైపు. ఇంగ్లండును వేల్సును పోవుద మనెను. స్కాట్లండును ఉత్తర ఐర్లండును ఉంద మనెను. కాని యిల్లు విడిచిపోవుదు నన్నవానిని ఎక్కడికని యడుగక తప్పదు గదా! ఆ "ఎక్కడికి" అన్నది వోటుచీటిమీద లేదు. నార్వేవలె యూనియనులో సభ్యత్వము లేకయే దాని యుమ్మడి విపణిలో నుండవచ్చును. టర్కీవలె సుంకముల సంబంధమును మాత్రము నిలుపుకొనవచ్చును. కెనడావలె ఒక వర్తకపు టొడంబడికతో సరిపెట్టుకొనవచ్చును. ఏ యొడంబడికయు లేకయే తెంచుకొని పోవచ్చును. ఈ నాలుగు దారులును చేరు నూళ్లు వేరు. పోవుద మన్న కోటి డెబ్బదినాలుగు లక్షల మందిలో ఎవరు ఏ దారిని మనసున నుంచుకొని చెప్పిరో చూపు లెక్క ఆ పెట్టెలలో లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలందురు. థెరిసా మే ప్రభుత్వము ముందుగా రచ్చకే పోయెను. తమవారికి ఏమి కావలెనో తేల్చుకొనకమునుపే 2017 మార్చి 29న విడిపోవు నోటీసు నిచ్చిరి. ఆ దినము మొదలుకొని రెండేండ్ల గడువు తరుగ నారంభించెను. అటుపిమ్మట జూన్ 8న ఎన్నికలు పెట్టి, ఉన్న మెజారిటీని పోగొట్టుకొని, ఉత్తర ఐర్లండునకు చెందిన పదిమంది సభ్యుల చిన్నపక్షముపై నాధారపడిరి. బ్రస్సెల్సులో మిషెల్ బార్నియే యెదుట కూర్చుండవలసిన మంత్రులు డేవిడ్ డేవిసును డొమినిక్ రాబును ఒకరి వెనుక నొకరు రాజీనామా లిచ్చిరి. 2018 నవంబరులో 585 పుటల యొడంబడిక సిద్ధమయ్యెను. 2019 జనవరి 15న కామన్సు సభ దానిని 202కు 432 వోట్లతో త్రోసివేసెను. మార్చి 12న 242కు 391తో మరల త్రోసివేసెను. మార్చి 29న, అనగా దేశము విడిపోవలసిన దినముననే, 286కు 344తో మూడవమారు త్రోసివేసెను.

ఆ వసంతకాలమున బ్రిటను ప్రజలు ఉభయపక్షములవారును ఒక్క విషయమున ఏకమైరి. ఉందమన్న వారిలో అరువది లక్షలకు పైబడి నోటీసును రద్దు చేయుడని పార్లమెంటునకు పంపిన యర్జీలో చేరిరి. పోవుదమన్నవారు తమ వోటును దొంగిలించుచున్నారని సభామందిరము ముంగిట కేకలు వేసిరి. ఈ రెండు గుంపుల నడుమ, ఏ గుంపునకును చెందనివారు, రాత్రి వార్తలలో ఆ మాట వినబడగనే పెట్టె కట్టివేయువారు, వీరి సంఖ్యయే యెక్కువ. హాన్సార్డ్ సొసైటీ యను సంస్థ ఆ సంవత్సరము ప్రకటించిన విచారణలో, నియమముల నతిక్రమించుటకు వెనుదీయని బలవంతుడగు నాయకుడు దేశమునకు కావలెనని నూటికి 54 మంది యొప్పుకొనిరి. పార్లమెంటు వోట్ల బెడద అంతగా లేకున్నచో ప్రభుత్వము సమస్యలను చక్కగా పరిష్కరించునని నూటికి 42 మంది యనిరి. పార్లమెంటులకు తల్లియని పేరొందిన దేశమున నీ మాట పుట్టెను. దీనిని చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. మూడుతరములుగా మనము ఆ సభను చూచియే సభామర్యాదలు నేర్చుకొంటిమి.

విసిగినవారి పక్షమును ముందుగా సరిగా చెప్పవలెను. అది చెప్పక వారిని తొందరపాటువారని దూషించుట, ఆకలిగొన్నవానిని తిండిపోతనుట వంటిది. వారి వాదమిది. మమ్ము పిలిచి యడిగితిరి; మేమేది చెప్పిన నది చేయుదుమని ఇంటింటికిని పత్రిక పంపితిరి. 2017 ఎన్నికలలో మీ పెద్దపక్షములు రెండును ఆ తీర్పును మన్నింతుమని ప్రమాణపత్రములలో వ్రాసితిరి. ఈ పని సులభమని, ఎదుటివారు మనకంటె నెక్కువగా మన వర్తకమును కోరుదురని మీలో పెద్దలే పలికితిరి. ఇప్పుడు మూడేండ్లు గడచిన పిమ్మట చిక్కులున్నవందురా? చిక్కులు నిన్న పుట్టినవా? ఈ వాదములో అబద్ధమేమియు లేదు. ఓపికను కోరువాడు ముందుగా సత్యము చెప్పియుండవలెను. వైద్యుడు మూడు దినములలో నయమగునని చెప్పి మూడు మాసములు మందు త్రాగించినచో, రోగి విసుగును రోగి దోషమని యెట్లనగలము?

అయినను ఆ చిక్కు నిజమైన చిక్కే. ఐర్లండు దీవిలో ఉత్తరభాగము బ్రిటనుది, తక్కినది స్వతంత్రమగు ఐర్లండు. నడుమ హద్దు సుమారు 500 కిలోమీటర్లు. అది కొండ గాదు, నది గాదు. చాలచోట్ల పొలపు గట్టు, బాటమీది యొక వంపు. ఒకే రైతు చేను కొంత ఈవలను కొంత ఆవలను ఉండును. ముప్పదియేండ్లు ఆ ప్రాంతమున సాగిన కలహములో 3,500 మందికి పైగా చచ్చిరి. హద్దుపై సైనికుల కావలి గోపురములు, సుంకపు చావళ్లు ఉండెడివి. 1993లో ఉమ్మడి విపణి వచ్చి సుంకపు చావళ్లు పోయెను. 1998 ఏప్రిల్ 10న కుదిరిన సంధి తరువాత సైనికులును పోయిరి. పుట్టినవారు తాము బ్రిటిషువారమనియైనను ఐరిషువారమనియైనను రెండు ననియైనను చెప్పుకొనవచ్చునని ఆ సంధి పలికెను. హద్దు కనబడకుండుటయే దాని ప్రాణము. ఇక యూనియను సుంకపు టేర్పాటును బ్రిటను విడిచినచో సరకులను ఎక్కడనో యొకచోట పరీక్షింపవలెను. భూమిమీద పరీక్షించినచో సంధికి దెబ్బ. ఉత్తర ఐర్లండునకును తక్కిన బ్రిటనునకును నడుమ సముద్రముమీద పరీక్షించినచో ఒకే దేశమును రెండుగా చీల్చినట్లగును. ఎచ్చటను పరీక్షింపకుండవలెనన్నచో దేశమంతయు ఆ సుంకపు టేర్పాటులోనే యుండవలెను. అట్లయిన విడిచిపోయిన దేమి? ఈ మూడింటిలో నేదో యొక నష్టమున కొప్పుకొనక తప్పదు. మే ప్రభుత్వపు టొడంబడిక మూడవదానికి తాత్కాలికముగా నొప్పుకొనెను. అందుచేతనే దానిని మూడుమార్లు త్రోసివేసిరి. వోటుకు ముందు ఇంగ్లండులో జరిగిన వాదములలో ఈ హద్దు ప్రసక్తి మిక్కిలి యరుదు. ఇట్టి సంగతిని ప్రజలకు చెప్పకుండుట ఏ రకపు టసత్యమో నీతిశాస్త్రజ్ఞులు నిర్ణయింతురు గాక. నా కది ఋణమును దాచి యిల్లు అమ్మినట్లు తోచును.

ఇక పార్లమెంటు సభ్యుల మాట. ప్రభుత్వపు దారి వద్దన్న సభ తన దారి యేదో తేల్చుటకు మార్చి 27న ఎనిమిది మార్గములపై వోట్లు వేసెను, ఎనిమిదింటికిని కాదనెను. ఏప్రిల్ 1న నాలుగింటిపై వేసెను, నాలుగును ఓడెను. అందులో సుంకపు టేర్పాటును నిలుపుకొందమన్నది 273కు 276తో, మూడంటే మూడు వోట్లతో పోయెను. విడిపోవుటయే వద్దని, ప్రజలను మరల నడుగవలెనని పట్టుపట్టిన కొందరు దానికి వోటీయలేదు. తమ కోరిక పూర్తిగా నెరవేరునని వారి యాశ. ఒడంబడికయే లేకుండ పోవలెనన్నవారును అదే యాశతో దానిని కాదనిరి. తమకు మిక్కిలి ఇష్టమైనదానికై అందరును వేచియుండగా అందరికిని సహ్యమైనది చేయి జారెను. సభలోని స్పీకరు "ఆర్డరు, ఆర్డరు" అని యరచుటను లోకమంతయు చూచి వినోదించెను గాని, ఆ మూడు వోట్లను చూచి దుఃఖింపవలసినది. నా తీర్పున ప్రజల తొందరకంటె సభ్యుల పట్టుదల పెద్దతప్పు. విచారణచేయుట కనియే వారిని జనులు పంపిరి. విచారణ పేర వారు వేచియుండిరి. ఈ రెంటిని ఒకటిగా పొరబడుట సులభము. భాగపంపకములకు పెద్దమనిషిగా కూర్చుండి, ప్రతి వాయిదాకును వచ్చి, కాఫీ త్రాగి, "ఇంకను ఆలోచింతము" అని పోవువారిని మనమెరుగుదుము.

1774లో ఎడ్మండ్ బర్కు బ్రిస్టలు నగర వోటరులతో, ప్రతినిధి మీకు తన శ్రమను మాత్రమే గాక తన వివేకమును గూడ అర్పింపవలెనను అర్థమున మాటలాడెను. అది చక్కని మాట. ఆరేండ్ల పిమ్మట ఆ నగరమున తనకిక గెలుపు లేదని గ్రహించి పోటీనుండి తొలగెను. వివేకమున కట్టి వెల యుండును. బ్రెగ్జిటు సభలో వెల చెల్లించినవారును లేకపోలేదు. పక్షముచే బహిష్కరింపబడి పదవులు పోగొట్టుకొన్న కన్సర్వేటివులు ఇరువదియొక్కమంది 2019 సెప్టెంబరులో నుండిరి. కాని విసిగిన జనులకు ఆ త్యాగమును ఈ కాలయాపనయు ఒకే రీతిగా కనబడెను. విసుగునందలి దోష మిచ్చటనే యున్నదని నా యభిప్రాయము. అది జరిగినదానిని గూర్చి సత్యమే చెప్పును, జరుగవలసినదానిని గూర్చి దానికేమియు తెలియదు. మూడేండ్లు మోసపోతిమని అది యన్నచో నమ్మవలెను. కావున నాలుగు దారులలో మొదట కనబడినదానిని పట్టుమని యన్నచో, ఆ "కావున" అను మాట ఎక్కడనుండి వచ్చినదని యడుగవలెను.

ఆ మాటను పలికించినవా రుండిరి. 2019 జూలై 24న ప్రధానమంత్రియైన బోరిస్ జాన్సను జనుల విసుగును కొలతపెట్టి యెరిగినవాడు. పార్లమెంటును అయిదు వారములు మూయించిన యతని యుత్తరువును సెప్టెంబరు 24న అత్యున్నత న్యాయస్థానము పదునొకండుగురు న్యాయాధిపతుల యేకవాక్యముతో చెల్లదనెను. అక్టోబరు 17న క్రొత్త యొడంబడిక తెచ్చెను. అందులో క్రొత్త యేమి? సుంకపు పరీక్ష సముద్రముమీద పెట్టిరి. ఏ బ్రిటిషు ప్రధానమంత్రియు దీని కొప్పుకొనజాలడని 2018 ఫిబ్రవరిలో మే చెప్పిన యేర్పాటును పోలినదే యది. జాన్సను తానే 2018 నవంబరులో బెల్ఫాస్టు నగరమున ఇట్టిదానికి ఏ కన్సర్వేటివు ప్రభుత్వమును సంతకము చేయరాదని ప్రసంగించెను. 110 పుటల బిల్లును మూడు దినములలో ముగింపుడని సభను కోరగా, అక్టోబరు 22న సభ బిల్లు సూత్రమున కొప్పుకొని, గడువునకు మాత్రము 308కి 322 వోట్లతో ఒప్పుకొనలేదు. దీనిని జనులు మరియొక కుయుక్తి యనుకొనిరి. వారి నేమనగలము? అంతకుముందు మూడేండ్లు అదే సభ కాలమును వృథా చేయగా చూచిరి. నిజముగా కాలము కావలసినప్పుడు అడుగుటకు దానికి ముఖము లేకపోయెను. డిసెంబరు 12న జరిగిన యెన్నికలలో, బ్రెగ్జిటును ముగింతము అను మూడు ముక్కల నినాదముతో జాన్సను 365 స్థానములు గెలిచెను. 2020 జనవరి 31వ తేదీ రాత్రి 11 గంటలకు బ్రిటను యూనియనును విడిచెను.

సంతకము చెల్లెను. సమ్మతి మాట యేమి? ఎనిమిది నెలలు తిరుగకముందే, సెప్టెంబరు 8న, తాము చేయబోవు చట్టము ఆ యొడంబడికను గూర్చిన అంతర్జాతీయ ధర్మమును కొంతమేరకు ఉల్లంఘించునని ఉత్తర ఐర్లండు వ్యవహారముల మంత్రి నిండుసభలో నొప్పుకొనెను. తాము వ్రాసి, తాము గెలిచి, తాము సంతకము చేసినదానిని! చదువక సంతకము పెట్టినవాడు చెప్పు మాటయే యిది. ఆ భాగములను డిసెంబరులో ఉపసంహరించుకొనిరి. అదే నెల 24న వర్తకపు టొడంబడిక కుదిరెను. 1,200 పుటలకు పైబడినది. 30వ తేదీన ఒక్క దినములో ఉభయసభలును దానికి చట్టరూప మిచ్చెను. కామన్సులో 521 మంది యవునని, 73 మంది కాదని యనిరి. అన్ని పుటలను ఆ వోటునకు ముందు చదివిన సభ్యులెందరో నే నడుగను.

నా సొంతమాట యొకటి. మా కుటుంబమున ఒక పాతయింటి విషయమై యేండ్ల తరబడి మాటలు నడచెను. కడపట నేనే విసిగి, కాగితము ముందు పెట్టగనే వ్రాలు చేసితిని. నష్టము పెద్దది కాదు. కాని యా యింటిలో ఎవరైన మేకు కొట్టిన వార్త వినినను నాకు కోపము వచ్చెడిది. ఒప్పుకొంటివి గదా యని మా యింటావిడ యనెడిది. ఒప్పుకొనుటకును వదిలించుకొనుటకును గల భేదమును నేనామెకు చాలకాలము చెప్పలేకపోతిని. చెప్పలేకపోవుట న్యాయమే, ఆనాడు దానిని నేను గుర్తించి యుండవలసినది.

ఇప్పటివరకు విసిగినవారి గూర్చి మాటలాడితిమి. విసుగు సయితము ఒక విధమగు భాగ్యమే యనిపించు వారున్నారు. బ్రిటనులో నప్పుడు యూనియను దేశములవారు ముప్పది లక్షలకు తక్కువకాక కాపురముండిరి. అచ్చట ఇరువదియేండ్లుగా దాదిగా పనిచేయుచున్న పోలండు స్త్రీకి 2016లో వోటు లేదు. కామన్వెల్తు దేశముల పౌరులకు మాత్రము వోటుండెను. కావున హైదరాబాదునుండియో గుంటూరునుండియో పోయి, భారత పాస్‌పోర్టుతోనే యచ్చట ఉద్యోగము చేయుచుండిన మన తెలుగు వైద్యుడును ఇంజనీరును తన పేరు నమోదు చేయించుకొన్నచో ఆ దేశము యూరపులో నుండవలెనా వలదా యని తీర్పు చెప్పగలిగెను. తన ప్రక్కయింటి పోలండు స్త్రీ, తన బ్రతుకునకే సంబంధించిన యా విషయమున, చెప్పలేకపోయెను. దీనిలో మనవారి తప్పేమియు లేదు, చట్టమట్లున్నది. ఆ స్త్రీ బేరసారములు సాగుచున్నంతకాలము తాను ఉండవచ్చునా, తన పిల్లల చదువు నిలుచునా యని కాగితములు ప్రోగుచేసికొనుచు కూర్చుండెను. "ఏదో యొకటి కానిండు" అని యనుట కామెకు వీలులేదు. ఆ "ఏదో యొకటి" తానే. మనయిండ్లలో భాగములు పంచుకొనునప్పుడును ఇట్లే జరుగును. లేచిపోవు తమ్ముడు విసిగినానని యనగలడు. వెనుకగదిలో నున్న వితంతువగు మేనత్త, తన్నెవరి వాటాలో వేయుదురో యని వినుచు, విసుగుకొనజాలదు. ఆలస్యము అమృతమును విషము చేయునని యొకరును, నిదానమే ప్రధానమని యొకరును వాదించుకొనునప్పుడు, ఆ రెండు సామెతలలో దేనిని ఎన్నుకొందురో ఆ మేనత్త నడిగి యెన్నుకొనుట మేలని నాకు తోచును. త్వరగా తేలుట ఆమెకును కావలెను. ఎట్లయినను తేలుట మాత్రము వలదు.

ఉత్తర ఐర్లండులో సముద్రపు హద్దుపై అలిగిన పక్షము 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వమునుండి తొలగెను; రెండేండ్లపాటు అచ్చటి శాసనసభ పనిచేయలేదు. 2023 ఫిబ్రవరి 27న విండ్సరులో క్రొత్త యేర్పాటొకటి చేసిరి. 2024 ఫిబ్రవరిలో సభ మరల కూడెను. ముగింతమని గెలిచి, ముగించితిమని దీపములు వెలిగించిన యయిదేండ్లకు, 2025 మే 19న, బ్రిటనును యూరోపియను యూనియనును లండనులో మరల బల్లకిరువైపుల కూర్చుండిరి. ఆహారపదార్థముల పరీక్షలు తగ్గించుటకు ముందుముందు మాటలాడుకొందమనిరి. బ్రిటను సముద్రములలో యూనియను జాలరులు చేపలు పట్టు హక్కు 2038 వరకు నిలుచునట్లు ఏర్పాటు చేసికొనిరి. ఈమారు వార్తలలో ఆ సంగతి వచ్చినప్పుడు అచ్చటివారు పెట్టె కట్టివేసిరో, లేక కొంతసేపు వినిరో!